జావా పల్లెలో ఇల్లు, పొలం, రాత్రి గస్తీ

అందరికీ నమస్కారం. ఇండోనేసియాలో పనిచేశానని చెప్పగానే మనవాళ్లు ముందు బాలి గురించి అడుగుతారు. హోటల్ ఎంత, వీసా దిగాక ఇస్తారా, తిండి దొరుకుతుందా అని. ఈ రోజు బాలి మాట నేనుగా ఎత్తను. చివర్లో ఎవరైనా అడిగితే చెబుతాను. నేను మాట్లాడేది మధ్య జావా పల్లెల గురించి. అక్కడి జనం ఇంటిని ఎలా కాపాడుకుంటారు, పొలం తమదేనని దేన్ని చూపించి చెబుతారు, రాత్రిపూట దేన్ని నమ్ముకుని నిద్రపోతారు అన్నదే సంగతి.

నాకు ఈ గొడవ ఎందుకంటే, సోలో నగరం చుట్టుపక్కల నూలు మిల్లులు, బట్టల మిల్లులు బాగా ఉన్నాయి. మన దేశం నుంచి స్పిన్నింగ్ మాస్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లినవాళ్లు వాటిలో కనిపిస్తారు, తెలుగువాళ్లు కూడా. నేనూ అలా వెళ్లినవాణ్ణే. చాలామంది మిల్లు క్వార్టర్సులో ఉంటారు. మాకు ఆ గదులు ఇరుకై, పక్కనే ఉన్న క్లాతెన్ జిల్లాలో ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చుట్టూ వరి. ఉత్తరాన మబ్బు లేని పొద్దున మెరాపి అగ్నిపర్వతం, దాని కొసన సన్నటి పొగ.

ఇంటి యజమాని తాళాలు చేతిలో పెట్టి అద్దె సంగతి కూడా మాట్లాడకుండా ముందు ఒక మాట అన్నాడు: "పాక్ ఎర్‌తే దగ్గరికి వెళ్లి రండి." ఎర్‌తే అంటే ఇరుగుపొరుగు సంఘం. సుమారు ముప్ఫై, యాభై ఇళ్లకు ఒకటి. దానికి పెద్ద ఈ పాక్ ఎర్‌తే. పాక్ అంటే మనం అయ్యగారూ అన్నట్టు. కొన్ని ఎర్‌తేలు కలిస్తే ఎర్‌వే, వాటి పైన ఊరు, ఊరికి ఓట్లతో గెలిచిన పెద్ద. మా పాక్ ఎర్‌తే మోటారుసైకిళ్లు బాగుచేసే మనిషి. చేతులకు గ్రీజు తుడుచుకుని, గీతల నోట్‌బుక్ తీసి, మా పాస్‌పోర్టులు చూసి రాసుకున్నాడు. ఎంతమంది, ఏ మతం, ఏ మిల్లు, చుట్టాలు వస్తుంటారా. ఆ వీధి మొదట్లో రేకు బోర్డు మీదే రాసి ఉంటుంది, ఇరవై నాలుగు గంటలకు మించి ఉండే అతిథి కబురు చేయాలని. మా బావమరిది సెలవులకు వచ్చినప్పుడు కూడా వెళ్లి చెప్పి వచ్చాం.

మనవాడికి ఇది మొదట చిరాకే. నా ఇంటికి నా చుట్టం వస్తే నీకెందుకయ్యా అనిపిస్తుంది. పైగా దీని పుట్టుక అంత ముచ్చటైనదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జావా జపాన్ సైన్యం చేతిలో ఉంది, 1942 నుంచి 1945 దాకా. తమ దేశంలో ఉన్న ఇరుగుపొరుగు సంఘాల పద్ధతినే వాళ్లు ఇక్కడ పెట్టారు. బియ్యం సేకరించడానికి, మనుషుల్ని పనికి తోలడానికి, ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టి ఉండడానికి. జపాన్ వాళ్లు పోయారు, సంఘాలు మిగిలాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాలు దేశాన్ని ఏలిన సుహార్తో ప్రభుత్వం వాటిని ఇంకా బిగించింది. ఇప్పుడు ఆ పదవికి ఎవరినో ఒకరిని చుట్టుపక్కలవాళ్లే ఎన్నుకుంటారు. చాలాచోట్ల వద్దు బాబోయ్ అని తప్పించుకునేవాళ్లే ఎక్కువ. అర్ధరాత్రి ఎవరికో పురిటి నొప్పులొచ్చినా, ఎవరి పంపు పాడైనా తలుపు కొట్టేది ఆయన ఇంటికే మరి.

ఇప్పుడు రాత్రికి వద్దాం. నేను ఇష్టంగా చెప్పే భాగం ఇదే.

వీధి మలుపులో నాలుగు స్తంభాల మీద చిన్న పాక, వెదురు అరుగు. గోడకు ఏ రోజు ఎవరి వంతో పేర్ల పట్టిక. దీన్ని పోస్ రోండా అంటారు. రోండా అంటే గస్తీ. ఇంటికొక మగమనిషి వారానికి ఒక రాత్రి రావాలి. రాకపోతే జుల్మానా. జుల్మానా చిన్నదే కానీ, మూడు వారాలు వరసగా డబ్బు కట్టి ఇంట్లో పడుకున్నవాడి గురించి నెలవారీ సమావేశంలో ఎవరూ ఏమీ అనరు. జావా వాళ్లు మొహం మీద అనరు. టీ గ్లాసు మీకు అందరికంటే ఆలస్యంగా వస్తుంది, అంతే. (నవ్వులు)

పది దాటాక ఒక్కొక్కరే చేరతారు. ఉడకబెట్టిన వేరుశనగ, సోయా గింజలతో చేసే టెంపె వేపుడు, అడుగున మడ్డి తేలే కాఫీ, డామినో పలకలు. కాసేపు ఆట, ఆ తర్వాత టార్చి పట్టుకుని ఒక చుట్టు. ఈ చుట్టులో ఒక పని ఉంది. ప్రతి ఇంటి వాకిట్లో గోడకో, గుమ్మం పక్క మేకుకో చిన్న డబ్బా వేలాడుతుంటుంది. కొన్ని ఇళ్లలో ప్లాస్టిక్ గ్లాసు, కొన్ని ఇళ్లలో పాలడబ్బా. అందులో ఇంటివాళ్లు గుప్పెడు బియ్యం వేసి ఉంచుతారు. ఇప్పుడు చాలామంది ఐదొందల రూపియాల నాణెం వేస్తున్నారు. కంగారు పడకండి, మన రూపాయికి నూట ఎనభై పైనే రూపియాలు. గస్తీవాళ్లు ఆ డబ్బాలన్నీ ఒక సంచిలో వంపుకుంటూ పోతారు. దీని పేరు జింపితన్.

పోగైన బియ్యంతో, చిల్లరతో ఏం చేస్తారు? మా వీధికి ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా, రెండు పెద్ద గుండిగలు అలా వచ్చినవే. చావైనా పెళ్లైనా అవి ఆ ఇంటికి నడిచి వెళతాయి, అద్దె లేదు. వీధి దీపం బల్బూ అందులోంచే. కానీ అసలు గమ్మత్తు డబ్బులో లేదు. గుప్పెడు బియ్యం కోసం ఎవరో ఒకరు ప్రతి రాత్రీ ప్రతి గుమ్మం దాకా వెళ్లాల్సి వస్తుంది. ఎవరింట్లో లైటు వెలగలేదు, ఎవరి తలుపు ఓరగా ఉంది, ఎవరి డబ్బా ఖాళీగా ఉంది అన్నీ కంటబడతాయి. మా వీధి చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఒక రాత్రి ఆమె డబ్బా ఖాళీ. ఇద్దరు ఆగి పిలిచారు, పలుకు లేదు. వెనక వైపు నుంచి వెళితే బాత్రూములో జారిపడి ఉంది. తుంటి విరిగింది. ఊళ్లో కారున్న ఇల్లు ఒకటే. ఆ ఇంటాయన లుంగీతోనే బండి తీశాడు.

పాకలో ఇంకో వస్తువు వేలాడుతుంటుంది, కెంతోంగన్. చెక్క దుంగనో వెదురు బొంగునో తొలిచి, పొడవుగా చీలిక పెట్టి, కర్రతో కొట్టి మోగించేది. దెబ్బల లెక్కను బట్టి సంగతి తెలిసిపోతుంది. రెండేసి దెబ్బలు కొడితే దొంగలు పడ్డారని, మూడేసి కొడితే నిప్పు అంటుకుందని. చావుకు ఒక తీరు, వరదకు ఒక తీరు, అంతా క్షేమం అనడానికి ఇంకో తీరు. ఊరూరికీ కొంత తేడా ఉంటుంది. గబగబా ఆపకుండా మోగిందంటే మాత్రం చేతిలో పని వదిలి బయటికి రావాల్సిందే.

పల్లెలో దొంగ ఏం పట్టుకుపోతాడు? కోళ్లు, మూడు కిలోల గ్యాస్ సిలిండర్, మోటారుసైకిల్, పాడే పిట్ట. పిట్ట అంటే నవ్వకండి. జావా మగవాడికి పంజరంలో పిట్ట లేకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది. పొద్దున్నే తాడుతో పంజరాన్ని గడ పైకి ఎక్కించడం, సాయంత్రం దించడం, గుడ్డ కప్పడం, స్నానం చేయించడం. మురాయ్ బాతు అనే జాతి బాగా పాడితే దాని ధర మోటారుసైకిల్‌తో పోటీ పడుతుంది. అందుకని రాత్రి కాగానే మోటారుసైకిల్, పిట్ట రెండూ ముందు గదిలోకి వస్తాయి. మాకు ఎదురింట్లో సోఫా, టీవీ, రెండు హోండాలు, పంజరం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. చుట్టూ ప్రహరీ లేదు. ఇళ్ల మధ్య ఊడ్చిన మట్టి వాకిలి, అరటి చెట్లు. అడ్డంగా నడిచి వెళితే ఎవరూ ఏమనరు, కానీ పలకరించకుండా వెళితే అంటారు.

పశువుల విషయం ఇంకా గట్టిది. బాలి పక్కన లొంబోక్ దీవిలో ఆవుల దొంగతనాలు పడలేక ఊరంతా కలిసి ఒకే పెద్ద దొడ్డి కట్టుకుంటారు. అందరి పశువులూ అక్కడే. మగవాళ్లు వంతులవారీగా దొడ్లోనే పడుకుంటారు. ఒక్కో రైతు ఇంటి వెనక ఒక్కో ఆవును కాపాడుకోవడం కంటే అది తేలిక.

ఇక్కడిదాకా చరాస్తి. పొలాన్ని ఎవరూ రాత్రికి రాత్రి మోసుకుపోలేరు, అది కాగితంలో పోతుంది. ఈ కథ చెప్పాలంటే మన ఊళ్ల మీదుగా వెళ్లాలి.

1811 నుంచి 1816 దాకా జావా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. స్టాంఫర్డ్ రాఫిల్స్ లెఫ్టినెంట్ గవర్నరు. ఆయన ప్రతి రైతు నుంచి భూమి శిస్తు వసూలు చేయాలనుకున్నాడు. అప్పటికే మన దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమలో, థామస్ మన్రో రైత్వారీ పద్ధతి నడిపి ఉన్నాడు. రాఫిల్స్ ఆలోచన మీద దాని ప్రభావం ఉందని చరిత్రకారులు రాశారు. జావాలో భూమి ఎవరిది, సాగు ఎవరిది అని విచారించిన సంఘానికి పెద్ద ఎవరనుకున్నారు? కాలిన్ మెకంజీ. మన కైఫీయత్తుల మెకంజీయే. కావలి సోదరులతో ఊరూరా తిరిగి కరణాల లెక్కలు, గుడి శాసనాలు సేకరించిన ఆ మనిషే సైన్యంతో పాటు జావా వెళ్లి, 1812లో అక్కడి పల్లెల భూమి లెక్క చూశాడు. రాఫిల్స్ పథకం సరిగా నడవలేదు. కానీ పన్ను కట్టేవాడి పేరు ఊరి పుస్తకంలో ఉండాలన్న ఆలోచన మాత్రం అక్కడ నిలిచిపోయింది.

ఆ తరహా పుస్తకమే లెతెర్ సె. ఊరి కార్యాలయంలో ఉంటుంది. పెద్ద పెద్ద పేజీలు, చేత్తో రాసిన పేర్లు, కొట్టివేతలు, తాత పేరు కింద మనవడి పేరు. అందులోంచి రైతుకు ఇచ్చే చీటీని గిరిక్ అనో పెతొక్ అనో అంటారు. నిజానికది పన్ను కాగితం, పట్టా కాదు. అయినా తరాల తరబడి అమ్మకం, కుదువ, పంపకం దాని మీదే నడిచాయి. స్టాంపు అంటించిన తెల్లకాగితం, ఊరి పెద్ద సంతకం, ఇద్దరు ముగ్గురు సాక్షులు. కోర్టుకు అది బలమైన కాగితం కాకపోవచ్చు. ఊరికి చాలు, ఎందుకంటే సాక్షులు రోజూ ఎదురుపడే మనుషులే. పంపకాల్లో కొన్ని ఇళ్లలో ఆడపిల్లకు సగపాలు ఇస్తారు, కొన్ని ఇళ్లలో కొడుకు కూతురు అని చూడకుండా సమానంగా పంచేస్తారు. అసలు పంచడానికి ఉన్నదెంత గనక? 2023 వ్యవసాయ గణన ప్రకారం అర హెక్టారు, అంటే సుమారు ఎకరం పావు, అంతకన్నా తక్కువ భూమి ఉన్న రైతు కుటుంబాలు దేశంలో 1.69 కోట్లు. పదేళ్ల ముందు 1.42 కోట్లు.

1960లో దేశపు తొలి అధ్యక్షుడు సుకర్ణో ప్రభుత్వం డచ్చివాళ్ల భూమి చట్టాన్ని తీసేసి కొత్త మౌలిక భూచట్టం తెచ్చింది. దాంతో పాటే మంచి మంచి నియమాలు వచ్చాయి. వేరే మండలంలో కూర్చుని ఇక్కడ పొలం ఉంచుకోకూడదు. ఏడేళ్లు కుదువలో ఉన్న పొలాన్ని పైసా తీసుకోకుండా అసలు రైతుకు తిరిగి ఇచ్చేయాలి. పాలికాపుకు న్యాయమైన వాటా ఇవ్వాలి. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. అమలు కాలేదు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీ వెంట నడిచే రైతు సంఘం తానే అమలు చేస్తానని పొలాల్లోకి దిగింది. 1964లో ఆ పోరు మొదలైన చోట్లలో క్లాతెన్ ఒకటి. నేను అద్దెకున్న జిల్లాయే.

తర్వాతి సంగతి మీలో చదివినవాళ్లకు తెలుసు. 1965 అక్టోబరు నుంచి సైన్యం మధ్య జావాలో దిగింది. కమ్యూనిస్టులని, వాళ్లతో కలిసి నడిచారని దేశం మొత్తం మీద ఐదు లక్షలమందికి తక్కువ కాకుండా చంపారని అంచనా. తుపాకులు సైన్యానివే, కానీ ఏ ఇంటివాడు ఏ సంఘంలో ఉన్నాడో సైనికుడికి ఎలా తెలుస్తుంది? ఊరు చెప్పింది. కొన్నిచోట్ల భయంతో, కొన్నిచోట్ల పాత గట్టు తగాదా తీర్చుకోవడానికి. జైలు నుంచి బతికి వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు మీద మాజీ ఖైదీ అని అక్షరాలు వేశారు. వాళ్ల పిల్లలకు సర్కారు కొలువు ఉండేది కాదు. కుదువ చట్టం, వాటాల చట్టం ఇప్పటికీ పుస్తకంలో ఉన్నాయి. వాటి పేరు ఎత్తితే మా వీధిలో పెద్దవయసువాళ్లు కాఫీ గ్లాసు కిందపెట్టి వేరే మాటలోకి వెళ్లిపోయేవారు.

అందుకే పొరుగువాడి కన్ను అంటూ మురిసిపోవడం నాకు నచ్చదు. ఆ కన్నే ముసలమ్మను బతికించింది, ఆ కన్నే జాబితాలు రాయించింది.

ఇంకొకటి చెప్పి ఈ చీకటి భాగం దాటుతాను. 1998. రూపియా విలువ కుప్పకూలింది, సుహార్తో దిగిపోయాడు. తూర్పు జావా కొసన బాన్యువంగిలో చేతబడి చేస్తారన్న అనుమానంతో మనుషుల్ని చంపడం మొదలైంది. నెలల్లో వందమందికి పైగా పోయారు. మొదట్లోనే జిల్లా అధికారి, అలాంటి అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రాసి పంపండి, కాపాడదాం అని మండలాలకు కబురు పెట్టాడు. ఆ పేర్లే బయటికి పొక్కాయన్న ఆరోపణ అప్పటినుంచీ ఉంది. ఆ పైన నల్ల గుడ్డలు కట్టిన నింజాలు తిరుగుతున్నారని పుకారు. ప్రతి ఊళ్లో గస్తీ రెట్టింపైంది. దారినపోయే కొత్తమనిషిని ఆపి గుర్తింపు కార్డు అడిగేవారు. సరిగా జవాబు చెప్పలేనివాణ్ణి, మతిస్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవాణ్ణి కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. అవే పాకలు, అవే కెంతోంగన్‌లు.

దొంగ దొరికితే చితకబాదడం మామూలు రోజుల్లోనూ ఉంది. మా వీధిలో పిట్ట పంజరంతో ఒక కుర్రాడు దొరికాడు. కేకకు ఇళ్లలోంచి జనం ఉసిళ్లలా ఊడిపడ్డారు. వాడికి అప్పటికే పెదవి చిట్లింది. మా పాక్ ఎర్‌తే వాణ్ణి రెక్కపట్టి తన మెకానిక్ షెడ్డులోకి తోసి, షట్టరు దించి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరు ఎన్ని అన్నా లేవలేదు. పోలీసు స్టేషను మండలానికి ఒకటే, బండి వచ్చేసరికి చాలాసేపైంది. ఆయన స్టూలు మీద కూర్చోకపోతే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అలా కూర్చోగలిగినవాడు ప్రతి వీధిలోనూ ఉండడు.

సరే, మళ్లీ కాగితానికి. 2017 నుంచి దేశమంతా ఊరూరా కొలిచి పట్టాలు ఇచ్చే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు. 12.6 కోట్ల భూమి ముక్కలకు సర్టిఫికెట్ ఇవ్వాలన్నది లక్ష్యం. అప్పటి అధ్యక్షుడు జోకో విడొడొ సభలు పెట్టి పంచేవాడు. అందరూ సర్టిఫికెట్ పైకెత్తి చూపండి అనేవాడు, లెక్కపెట్టేవాడు, ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి, ఫోటోకాపీ తీసుకోండి, బ్యాంకులో కుదువ పెట్టేముందు నెల నెలా కట్టగలరో లేదో చూసుకోండి అని పెద్దన్నయ్యలా చెప్పేవాడు. ప్రశ్నకు జవాబిస్తే సైకిలు కూడా ఇచ్చేవాడు! జావా, బాలిలలో ఊరి ఖర్చుల కింద రైతు కట్టాల్సింది లక్షా యాభై వేల రూపియాలు మాత్రమే. అంతకు మించి గుంజి జైలుకెళ్లిన ఊరి పెద్దలూ ఉన్నారు.

కొలత రోజున నేను అక్కడే ఉన్నాను. భూమి కార్యాలయం కుర్రాళ్లు ఇద్దరు పరికరం పట్టుకుని వచ్చారు. కానీ వాళ్లు కొలిచే ముందు నాలుగు వైపుల పొరుగువాళ్లూ నిలబడి, ఇదిగో ఇక్కడిదాకా అని చూపించి, హద్దు కర్ర పాతి, సంతకం చేయాలి. మా ఇంటి యజమానికీ పడమటివైపు ఆయనకూ మధ్య ఒక టేకు చెట్టు. చెట్టు ఎవరిది అన్నదానిమీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడిచింది. అరుపుల్లేవు, చిరునవ్వులే, కానీ ఎవరూ కలం పట్టుకోరు. చివరికి పాక్ ఎర్‌తే చెప్పిన దారి, చెట్టు కొట్టించి కలప సగం సగం. కర్ర ఆ మోడు పక్కన పాతారు. ఉపగ్రహం సాయంతో కొలిచినా ఆ గీత పుట్టింది ఆ ఇద్దరి తలాడింపు నుంచే.

పాత గిరిక్ చీటీలకు గడువు పెట్టారు. 2021 నాటి నియమం ప్రకారం ఐదేళ్లలో నమోదు చేయించుకోవాలి. 2026 ఫిబ్రవరి నుంచి అవి హక్కుకు రుజువుగా చెల్లవు. భూమి పోదు, నిరూపించుకోవడానికి సాగు, సాక్షులు కావాలి.

పట్టా వచ్చేస్తే ఇక భయం లేదా అంటే, జకార్తా పక్కన తంగెరాంగ్ తీరం చూడండి. 2025 జనవరిలో అక్కడ సముద్రంలో ముప్ఫై కిలోమీటర్ల పొడవున వెదురు కంచె బయటపడింది. జాలర్లు చుట్టుతిరిగి వేటకు పోవాల్సి వచ్చేది. తవ్వి చూస్తే ఆ నీళ్ల మీద భూమి సర్టిఫికెట్లు ఉన్నాయి. 263 కట్టడపు హక్కు పత్రాలు, 17 సొంత హక్కు పత్రాలు, ఎక్కువ భాగం కంపెనీల పేరిట. కోహోద్ అనే ఊరి పెద్దను దొంగ కాగితాల కేసులో అరెస్టు చేశారు, పత్రాలు చాలావరకు రద్దు చేశారు. అక్కడ చేపలు పట్టే ఏ కుర్రాణ్ణి అడిగినా, అయ్యా ఇది సముద్రం అని చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

ఊరి పెద్ద చేతిలో ఈ మధ్య డబ్బు కూడా బాగా పెరిగింది. 2014 గ్రామ చట్టం తర్వాత 2015 నుంచి కేంద్రం నేరుగా ఊళ్లకు నిధులు పంపుతోంది. మొదటి ఏడాది సుమారు 20 లక్షల కోట్ల రూపియాలు, నాలుగేళ్లలో 70 లక్షల కోట్లు. సిమెంటు రోడ్లు, కాలవలు, ఆరోగ్య గదులు వచ్చాయి. ఊరి ఎన్నికల ఖర్చూ పెరిగింది. 2023 జనవరిలో వేలమంది ఊరి పెద్దలు పార్లమెంటు ముందు కూర్చుని పదవీకాలం తొమ్మిదేళ్లు చేయమన్నారు. మరుసటి ఏడాది ఆరు నుంచి ఎనిమిది చేశారు.

ఇక విపత్తు. 2006 మే 27 తెల్లవారుజామున యోగ్యకర్తా భూకంపం. 5,700 మందికి పైగా చనిపోయారు. బాంతుల్ జిల్లా తర్వాత ఎక్కువ దెబ్బ తిన్నది క్లాతెన్. చంపింది ఇళ్లే. ఇనుము లేని ఇటుక గోడలు, పైన బరువైన పెంకులు. అదే ఉదయం సునామీ వస్తోందని పుకారు లేచి దక్షిణం వైపున్న జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. ఆ తర్వాత చాలామంది శిబిరాలకు పోకుండా కూలిన ఇంటి ముందే టార్పాలిన్ వేసుకున్నారు. ఎందుకని మా ఎదురింటాయన్ని అడిగితే, "ఇటుకలు మంచివి" అన్నాడు. దులిపి పేర్చుకున్న పాత ఇటుకలు, ద్వారబంధాలు, అవే మిగిలిన ఆస్తి. ప్రభుత్వం కూడా తెలివిగా డబ్బును ఇరుగుపొరుగు కుటుంబాల గుంపుల ద్వారా ఇచ్చింది. ఒకరి పునాది అందరూ తవ్వారు. ఈసారి ఇనుప చువ్వల స్తంభాలు, దూలాలు వేశారు.

2010లో మెరాపి పేలినప్పుడు ఇంకో పాఠం. కిందికి దించిన మనుషులు తెల్లారితే మళ్లీ పైకి వెళ్లేవారు, ఆవులకు గడ్డి కోయడానికి. ఎంత చెప్పినా వినలేదు. పాలిచ్చే ఆవు అంటే ఆ ఇంటి బ్యాంకు ఖాతా మరి. చివరికి ఆ పశువులను తామే కొంటామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత మగెలాంగ్ జిల్లాలో అక్కచెల్లెళ్ల ఊళ్లు అని జతలు కట్టారు. కొండ మీది ఫలానా ఊరు ప్రమాదం వస్తే కింద ఫలానా ఊరికే వెళుతుంది. ఎవరు ఏ ఇంటికి, పశువులు ఏ దొడ్డికి అని ముందే అనుకుని ఉంటారు.

2004 సునామీ మన కోస్తానూ కొట్టింది కాబట్టి సుమత్రా దీవి ఉత్తరపు కొసన ఉన్న అచే గురించి ఒక్క మాట. అక్కడ గట్లు, చెట్లు, రాళ్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. భూమి కార్యాలయంలో పుస్తకాలు ఉప్పునీళ్లలో నానాయి. వాటిని గడ్డకట్టించి, జకార్తా పంపి, జపాన్ సాయంతో ఆరబెట్టారు. ఈలోగా ఊళ్లలో బతికినవాళ్లే కలిసి నడిచి, ఇక్కడ ఫలానావారి ఇల్లు, ఇది వాళ్ల బావి అంటూ పటాలు గీశారు. అనాథ పిల్లల వాటా కూడా ఆ పటంలోనే రాయించారు. అధికారులు దాని మీదే ముందుకు వెళ్లారు.

నా మాట ఇంతవరకు. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఇప్పుడు కుర్రాళ్లందరూ బయటికి పోతున్నారు కదా, గస్తీ ఎవరు తిరుగుతున్నారు?)

మంచి ప్రశ్న అమ్మా. తూర్పు జావాలో పొనొరొగొ, తులుంగగుంగ్ లాంటి జిల్లాల్లో ఆడవాళ్లే హాంకాంగ్, తైవాన్ ఇళ్లలో పనికి వెళ్లి డబ్బు పంపుతారు. ఊళ్లో టైల్స్ వేసిన రెండంతస్తుల ఇల్లు లేస్తుంది, లోపల అమ్మమ్మ, ఒక మనవడు. ఆ ఇంటి నుంచి గస్తీకి మనిషి రాడు, డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో కొన్ని వీధులు జీతానికి కాపలావాణ్ణి పెట్టుకున్నాయి, కొన్ని సీసీ కెమెరా కొన్నాయి. మా వీధిలో కెమెరా పెట్టారు. దాన్ని చూసేవాడు ఎవరని మళ్లీ వంతుల పట్టిక వేశారు. (నవ్వులు) వాట్సాప్ గ్రూపు బాగా పనిచేస్తుంది, కాకపోతే పుకారు కూడా అందులోనే పరుగెడుతుంది. బాన్యువంగి రోజుల్లో అది లేకపోవడమే నయం.

(ప్రశ్న: ఆడవాళ్ల పేరు మీద భూమి ఉంటుందా?)

జావాలో ఉంటుంది, భార్యాభర్తలు కలిసి సంపాదించింది ఇద్దరిదీ. పశ్చిమ సుమత్రాలో మినంగ్‌కబావ్ వాళ్ల దగ్గరైతే పూర్వీకుల పొలం, పెద్ద ఇల్లు తల్లి నుంచి కూతురికే వెళతాయి. మేనమామ పెత్తనం చేస్తాడు గానీ ఆస్తి అతనిది కాదు. ఆ భూమిని అమ్మడం చాలా కష్టం, కుదువకూ గట్టి కారణాలు చూపాలి. ఇంటి పెద్దలందరూ ఒప్పుకోవాలి.

(ప్రశ్న: బాలిలో మనవాళ్లు స్థలం కొనొచ్చా? బ్రోకర్లు యూట్యూబులో చెబుతున్నారు.)

వచ్చేసింది! అనుకున్నాను. విదేశీయుడికి అక్కడ సొంత హక్కు లేదు, 1960 చట్టం అప్పుడే తేల్చేసింది. బ్రోకరు చెప్పే ఉపాయం ఏమిటంటే, డబ్బు మీది, పట్టా ఒక స్థానికుడి పేరు, మధ్యలో రహస్య ఒప్పందం. ఆ చట్టం 26వ అధికరణ ప్రకారం అలాంటి బదిలీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, మీ డబ్బు తిరిగి అడగలేరు. వాడకపు హక్కు తీసుకోవచ్చు, లీజు తీసుకోవచ్చు. లీజైతే పొడిగింపు ధర ఇప్పుడే రాయించుకోండి, అప్పటి రేటు అని వదిలేస్తే ఇరవై ఐదేళ్ల తర్వాత మీ విల్లా మీద బేరం ఆడేది ఎదుటివాడే. వాటాదారులైన అన్నదమ్ములందరి సంతకాలూ ఉన్నాయో లేదో చూడండి. డబ్బు కట్టేముందు ఆ ఊరి బంజార్‌కు, అంటే వాళ్ల ఇరుగుపొరుగు సంఘానికి, వెళ్లి ఆ స్థలం మీద తగాదా ఉందా, గుడి దారి ఉందా అని అడగండి. బ్రోకరు వద్దంటాడు. అప్పుడు ఇంకో బ్రోకర్ని చూసుకోండి.